బాధ: సున్నా

మొదటి రోజు
బాధ: సున్నా

ముందు పేజీ బోర్డుది. అందులో రోజుకి ఒక అంకె, ఒక వాక్యం. వెనక పేజీ ఎవరూ చదవరు, కాబట్టి అది నాది. ఇంతకు ముందు పదకొండు పుస్తకాల వెనక పేజీలు ఇలాగే నింపాను. ఇది పన్నెండోది.

పొద్దున్న ఎనిమిదికి బోర్డు పడవ మా మెట్ల దగ్గర ఆగింది. ఇద్దరు మనుషులు చేతులకి తొడుగులు వేసుకుని, ముక్కులకి గుడ్డలు కట్టుకుని ఒక డబ్బా దించారు. నా చేత సంతకం పెట్టించుకుని "జాగ్రత్త మేడమ్" అని వెళ్ళిపోయారు. వాళ్ళు కట్టుకోవచ్చు. చట్టం ప్రకారం నేను కట్టుకోకూడదు.

పదార్థం 317. పడవల అడుగున పూసే రంగు. సముద్రం మూడో వీధి దాకా వచ్చేసిన మా రేవుపేటలో పడవే బస్సు, పడవే రిక్షా, పెళ్ళికొడుకు వచ్చేదీ పడవలోనే. అడుగున గుల్లలు పట్టాయంటే పడవ బండరాయిలా కదలదు. ఇది పూస్తే నాలుగేళ్ళు గుల్ల పట్టదట. ఊరంతా దీనికోసం ఎదురు చూస్తోంది.

నడిమి గదిలో బల్ల మీద వెడల్పాటి పళ్ళెంలో దాన్ని పోశాను. మూత పెట్టకూడదు. రోజూ పొద్దున్నే అర గ్లాసు కలపాలి. నేను రాసుకునేది ఆ బల్ల దగ్గరే, మేం అన్నం తినేది దాని పక్కనే, పడుకునేది దాని చుట్టూనే. నలభై రోజులు. ఏ పదార్థమైనా ఊళ్ళోకి రావడానికి బోర్డు తరఫున సంతకం పెట్టేవాళ్ళు ముందు దానితో కాపురం చెయ్యాలని చట్టం. బోర్డు భాషలో దీని పేరు సహవాసం. నేను సహవాస అధికారిని.

మా చెల్లెలు చిన్నాలు యార్డు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే పళ్ళెంలోకి తొంగి చూసింది.

"ఈపాలి కొత్తల్లుడు ఎలాటోడే అప్పా?"

ఇంటికొచ్చిన ప్రతి పదార్థాన్నీ అది కొత్తల్లుడనే అంటుంది. నట్టింట కూర్చుంటాడు, పొద్దున్నే పోసి మేపాలి, ఒక్క మాట అనకూడదు. నాలుగో అల్లుడు మా చర్మం ఊడదీశాడు. ఏడో అల్లుడు కుళ్ళిన ఉల్లిపాయ కంపు. తొమ్మిదో అల్లుడికి మా ఇద్దరి జుట్టూ సగం రాలింది. ఆ ముగ్గురినీ, ఇంకొకణ్ణీ వెనక్కి పంపాను. ఏడుగురు పాసయ్యారు.

"ఈడికి వాసనే నేదు. మంచోడిలాగున్నాడు" అంది.

ప్రతి పుస్తకంలోనూ మొదటి రోజు ఒక మాట రాసుకుంటాను. ఇప్పుడూ రాస్తున్నాను. చిన్నాలు పడవల యార్డులో రంగు వేసే మనిషి. ఇది పాసైతే రోజుకి తొమ్మిది గంటలు దీని మధ్యే ఉంటుంది, ఎన్నేళ్ళు పని చేస్తే అన్నేళ్ళు. నేను పొరపాటు పడితే ముందు పోయేది అదే. అమ్మ పోయాక నాకు మిగిలింది అదొక్కతే. నాకు భయంగా ఉంది. ప్రతిసారీ ఉన్నంత భయమే, ఎక్కువేం కాదు.

మూడో రోజు
బాధ: సున్నా

వాసన లేదు. కళ్ళు మండలేదు. గొంతు పట్టలేదు.

గిన్నెలు ఎవరు తోమాలన్న దాని మీద చిన్నాలు అరగంట అరిచింది. పక్కింటి అచ్చియమ్మ పిన్ని వరండాలోకి వచ్చి నిలబడి మరీ విన్నది. యార్డులో రోజంతా వంగి పని చేసిన మనిషికి ఇంట్లో గిన్నెలు కూడానా అని చిన్నాలు వాదన. ఇంట్లో కూర్చుని విషం కాపలా కాసేది నేను అని నా వాదన. చివరికి ఇద్దరం తోమాం. చెంబు దాని వాటాకి వచ్చిందా నా వాటాకి వచ్చిందా అన్న దగ్గర మళ్ళీ మొదలైంది.

రోజూ ఇదే. మా ఇంట్లో గొంతు తగ్గిందంటే ఎవరికో జ్వరమని అచ్చియమ్మ పిన్ని అంటూంటుంది.

ఎనిమిదో రోజు
బాధ: సున్నా

ఇద్దరికీ నిద్ర బాగా పడుతోంది. చిన్నాలు నడుము నొప్పి తగ్గిందంది. అది యార్డులో చేరిన దగ్గరనుంచీ ఉన్న నొప్పి. మంచి లక్షణాలు రాయడానికి ముందు పేజీలో చోటు లేదు. బాధే రాయాలి.

అచ్చియమ్మ పిన్ని గుమ్మం అవతల నుంచే చేపల పులుసు గిన్నె అందించింది. సహవాసం నడిచే ఇంట్లో బయటివాళ్ళెవరూ అన్నానికి చెయ్యి కడగరు. ఆ నలభై రోజుల్లో ఆ ఇంట అన్నం తిన్న ప్రతివాళ్ళూ చట్టం లెక్కలో ఇంటివాళ్ళే. రెండో పొగ నాడు, అంటే ఫ్యాక్టరీ విషవాయువు రెండోసారి ఊరి మీదికి వచ్చిన నాడు, ఇళ్ళల్లో చుట్టపుచూపుగా ఉండి పోయినవాళ్ళని కంపెనీ వాళ్ళు 'స్థానికులు కారు' అని లెక్కలోంచి తీసేశారు. అందుకని అలా రాశారు. మంచి రూలే. కానీ ఎనిమిదో అల్లుడప్పుడు మా మేనబావ ఒకడు వచ్చి భోంచేసి, తాటికల్లు తలనొప్పిని పదార్థం ఖాతాలో రాయించిపోయాడు. అప్పటినుంచి గుమ్మంలోనే నమస్కారం పెట్టి పంపేస్తున్నాను.

పన్నెండో రోజు
బాధ: సున్నా

గంజి వారుస్తుంటే చేతి మీద పడింది. పడినట్టు తెలియలేదు. వార్చడం పూర్తయ్యాక గిన్నె దించి చూసుకుంటే ఎడం చెయ్యి మణికట్టు దాకా ఎర్రగా ఉంది. సాయంత్రానికి బొబ్బలెక్కింది.

మంట లేదు. బొబ్బని వేలితో నొక్కి చూశాను. నీటితిత్తిలా కదిలింది, అంతే.

ముందు పేజీలో ఏం రాయాలో చాలాసేపు ఆలోచించాను. 'ఒంటికి తెలిసిన బాధ' అని ఉంది అక్కడ. ఒంటికి తెలియలేదు. సున్నా రాశాను.

పదహారో రోజు
బాధ: సున్నా

వారం తనిఖీకి దాలినాయుడు గారు వచ్చారు. బోర్డులో మా విభాగానికి పెద్ద ఆయనే. పడవ దిగకుండా, మెట్ల దగ్గర నిలిపించి, పుస్తకం తెప్పించుకుని పేజీలు తిప్పారు. వరసగా సున్నాలు చూసి ముఖం వెలిగిపోయింది.

"రత్నం గారూ, ఇరవై ఆరేళ్ళ సర్వీసమ్మా నాది. పదిహేను రోజులు వరసగా సున్నా ఎప్పుడూ చూళ్ళేదు. తలనొప్పి కూడా లేదా?"

"లేదండి. ఉన్న నొప్పులు కూడా పోయాయి."

"అబ్బ! ఇలాటిదే కదా ఊరికి కావాల్సింది."

చెయ్యి చూపించాను. ఆయన ముఖం చిట్లించి పక్కకి తిప్పుకున్నారు.

"గంజి పడిందండి. పడినట్టు తెలియలేదు. అది రాయాలి కదా?"

"నొప్పి పుట్టిందా?"

"లేదు."

"అయితే ఏం రాస్తారమ్మా? గంజి కాల్చింది, గంజికి మనం లైసెన్సు ఇవ్వం." నవ్వారు. ఆ నవ్వు ఆపాక నెమ్మదిగా అన్నారు, "మీకు తెలీనిదేముంది. ఒంటికి తెలిసిందే సాక్ష్యం. తక్కినదంతా మీటరు మాట."

మీటరు మాట అంటే మా ఊళ్ళో అబద్ధమని అర్థం. రెండో పొగ నాడు ఫ్యాక్టరీ గోడ మీదా, ఆస్పత్రి గోడ మీదా, మా ఇంటి గోడ మీదా గాలిలో విషం ఎంతుందో చూపే మీటర్లుండేవి. మా అమ్మ వాటిలో ఒకదాని కిందే పోయింది. అది ఆకుపచ్చగా వెలుగుతూ 'క్షేమం' అని చూపిస్తూనే ఉంది. నేనూ చిన్నాలూ మేనత్త గారి ఊళ్ళో ఉండి బతికాం. ఆ తర్వాత జనం యంత్రాలన్నీ పగలగొట్టారు. మనిషి ఒళ్ళు తప్ప ఇంకేదీ సాక్ష్యానికి పనికి రాదని చట్టం తెచ్చుకున్నారు. ఆ చట్టం కోసం జెండా పట్టుకున్న ఆడపిల్లల్లో నేనూ ఉన్నాను.

దాలినాయుడు గారు పుస్తకం తిరిగిచ్చి, చేతికి వెన్న రాసుకోమని చెప్పి వెళ్ళారు.

ఇరవై ఒకటో రోజు
బాధ: సున్నా

ఇవాళ గిన్నెలు నేను తోమాను. నిన్నా నేనే. మొన్న ఎవరూ తోమలేదు, అలాగే ఉండిపోయాయి. చిన్నాలు ఏమీ అనలేదు.

వెనక్కి తిప్పి చూశాను. ఆఖరిసారి అది అరిచింది పదకొండో రోజున. దువ్వెనలో వెంట్రుకలు వదిలేశానని. అప్పటినుంచి ఇంట్లో గొడవ లేదు. హాయిగా ఉందని రాయబోయి ఆగాను. హాయిగా కూడా లేదు. ఊరికే ఉంది.

అన్నంలో ఉప్పు వేశానో లేదో తెలియలేదు. చిన్నాలుని అడిగాను. "ఏమో అప్పా" అని తినేసింది. వంక పెట్టకుండా అది అన్నం తినడం నేను పుట్టి ఎరగను.

ఇరవై నాలుగో రోజు
బాధ: సున్నా

మధ్యాహ్నం అచ్చియమ్మ పిన్ని కేకలు వినిపిస్తే బయటికి వెళ్ళాను. మెట్ల మీద నెత్తురు. ఒక్కో మెట్టు మీదా ఒక్కో పాదం ముద్ర, ఎడమ కాలిదే, మా గుమ్మం దాకా. చిన్నాలు గుమ్మం లోపల కూర్చుని చీర కుచ్చిళ్ళకి అంటిన రంగు గోక్కుంటోంది. యార్డులో ఆల్చిప్ప మీద కాలు వేసినట్టుంది. ఎప్పుడు వేసిందో దానికి తెలియదు.

"ఏటే ఇది! కాలు సీరుకుపోయి నెత్తురు ఓడతంటే కూకున్నావేటే! ఒసే రత్నా, నువ్వైనా సూణ్ణేదా?"

"ఇప్పుడే చూస్తున్నాను పిన్నీ" అన్నాను.

ఆమె నన్ను ఒకసారి, దాన్ని ఒకసారి చూసింది. తనే గుడ్డ చింపి గుమ్మంలోనే కూర్చుని కట్టు కట్టింది. కడుతూ ఏడ్చింది. ఆల్చిప్ప ముక్క వేలంత లోపలికి దిగి ఉంది. ఆమె లాగుతుంటే చిన్నాలు గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చుంది.

"ఇదేటే అమ్మా, మీ ఇద్దరికీ ఏటయ్యిందే" అని అచ్చియమ్మ పిన్ని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఏమీ కాలేదని చెప్పాం. ఇద్దరం ఒకేసారి చెప్పాం.

ఇరవై ఏడో రోజు
బాధ: సున్నా

ఇవాళ అమ్మ పోయిన రోజు.

ఏటా ఈ రోజు చిన్నాలు యార్డుకి సెలవు పెడుతుంది. అమ్మ పటానికి పూలు పెట్టి, గారెలు వండి, ముందు నేను దీపం వెలిగిస్తాను. తర్వాత అది మొదలుపెడుతుంది. మా వైపు ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు, పోయినవాళ్ళతో మాట్లాడుతున్నట్టు ఏడుస్తారు. చిన్నాలు గొంతెత్తితే వీధి వీధంతా పని ఆపుతుంది. అమ్మకి ఆ ఏడు జరిగినవన్నీ చెబుతుంది. నా మీద చాడీలన్నీ చెబుతుంది. నేను ఏడుస్తూ మధ్యలో నవ్వుతాను. అచ్చియమ్మ పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని అవతల గోడ దగ్గర నిలబడుతుంది.

ఇవాళ పూలు పెట్టాం. గారెలు వండాను. దీపం వెలిగించాను. చిన్నాలు పటం ముందు కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. అలా చాలాసేపు కూర్చున్నాం.

అమ్మ ముఖం గుర్తొచ్చింది. అమ్మ కట్టుకున్న నీలం చీర గుర్తొచ్చింది. గోడ మీద ఆకుపచ్చ వెలుగు గుర్తొచ్చింది. అన్నీ వచ్చాయి. రావలసిందొక్కటి రాలేదు.

"గారెలు చల్లారిపోతన్నాయి అప్పా" అని చిన్నాలు లేచింది.

ఇద్దరం గారెలు తిన్నాం.

ముప్పయ్యో రోజు
బాధ: సున్నా

వెనక పేజీలు మొదటి నుంచి చదివాను. చదివితే విషయం చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. ఈ పదార్థం మనిషిని కాల్చదు, కొయ్యదు, ఊపిరి ఆపదు. తెలియడాన్ని ఆపుతుంది. ఒంట్లోనూ, లోపలా. తెలిసిందే సాక్ష్యమన్న ఊళ్ళో దీనికి వ్యతిరేకంగా సాక్ష్యమే ఉండదు. వందల రకాల విషాల్ని ఆపిన చట్టం మాది. ఇది మాత్రం చట్టం చేతులు పట్టుకుని నడిపించుకుంటూ ఊళ్ళోకి వచ్చేస్తుంది.

పడవెక్కి బోర్డుకి వెళ్ళి దాలినాయుడు గారికి ఇదంతా చెప్పాను. ఆయన చెక్కపేడుతో చెవి గోక్కుంటూ విన్నారు.

"అంటే ఇది ప్రమాదమంటారు."

"అవునండి. చాలా ప్రమాదం. యార్డుల్లో పదకొండు వేలమంది ఉన్నారు. వేళ్ళు తెగినా తెలియదు. పిల్లలు ఏడ్చినా పట్టదు."

"మీకు భయంగా ఉందా?"

"లేదండి."

ఆయన పేడు బల్ల మీద పెట్టారు. "రత్నం గారూ, ఏమీ అనుకోకండి. పదకొండు వేలమందికి ముప్పని మీరు కూరగాయల బేరం చెప్పినట్టు చెప్తున్నారు. విచారణలో పెద్దవాళ్ళ ముందు కూడా ఇలాగే చెప్తారా? ఎవరు నమ్ముతారమ్మా?"

నిజమే. నేనే అవతల కూర్చుని వింటే నమ్మను.

ముప్పై మూడో రోజు
బాధ: సున్నా

అబద్ధం రాసెయ్యొచ్చు. పది అని వేసెయ్యొచ్చు. ఆ ఆలోచన కూడా చేశాను.

నలభై ఒకటో రోజున బహిరంగ విచారణ ఉంటుంది. రెండో పొగలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి మీద చెయ్యి పెట్టి పుస్తకం చదవాలి. కంపెనీ వాళ్ళు ప్రశ్నలు వేస్తారు. ఎక్కడ నొప్పి, ఎలాంటి నొప్పి, పొద్దున్నా సాయంత్రమా. ఒక్క అంకె అబద్ధమని తేలినా పుస్తకం మొత్తం చెల్లదు. సాక్ష్యం చెల్లకపోతే పదార్థం పాసైనట్టే.

అద్దం ముందు నిలబడి నొప్పి ముఖం పెట్టి చూశాను. తుమ్ము రాబోతున్న మనిషిలా ఉన్నాను. ఏడుపు ముఖం పెట్టి చూశాను. అది ఇంకా అన్యాయంగా ఉంది. చిన్నాలు గుమ్మంలో నిలబడి చూసి, ఏం చేస్తున్నావని కూడా అడక్కుండా వెళ్ళి పడుకుంది.

ముప్పై ఆరో రోజు
బాధ: సున్నా

రెండు రోజులు ఏమీ రాయలేదు. ముందు పేజీలో సున్నాలు మాత్రం వేశాను. కూర్చున్నాను. పొద్దున్న అర గ్లాసు కలిపాను. కూర్చున్నాను. వదిలేద్దామని నిర్ణయించుకోలేదు. వదిలేయడం దానంతటదే జరుగుతోంది. ఇంకో నాలుగు రోజులు ఇలాగే కూర్చుంటే అయిపోతుంది.

ఇవాళ మళ్ళీ మొదటి రోజు పేజీ చదివాను. 'అమ్మ పోయాక నాకు మిగిలింది అదొక్కతే. నాకు భయంగా ఉంది' అని నా చేతిరాతలోనే ఉంది. ఆ రాసిన ఆవిడ నాకు బాగా తెలుసు. నోరు కాస్త పెద్దది, పనిలో అబద్ధం చెప్పదు. ఆమె భయపడిందంటే భయపడవలసిందేదో ఉంది.

నాకేమీ అనిపించడం లేదు. అయినా ఆమె చెప్పినట్టు చేస్తాను. పెద్దవాళ్ళు చెప్పి పెట్టిన కొలతల ప్రకారం ఊరగాయ కలిపినట్టు, ఎందుకని అడగకుండా చేస్తాను.

తర్వాత చట్టం పుస్తకం తీసి మొదటి వాక్యం నుంచి చదివాను. 'అధికారికి కలిగిన బాధ' అని లేదు. 'ఇంటివాళ్ళలో ఎవరికి కలిగిన బాధయినా' అని ఉంది.

ముప్పై ఎనిమిదో రోజు

ఇవాళ్టి అంకె కింద రాస్తాను.

అచ్చియమ్మ పిన్నిని భోజనానికి పిలిచాను. పిలిచే ముందు మా ఇద్దరికీ ఎన్నో రోజున ఏం కనిపించిందో చూసుకున్నాను. ఎనిమిదో రోజు దాకా ఏమీ లేదు. ఒక్క పూటకి ఆమెకి ఏమీ కాదు. నాకు జంకు లేదు కాబట్టి ఆ లెక్క రెండుసార్లు వేశాను. కిటికీలన్నీ తెరిచి, ఆమె విస్తరి పళ్ళేనికి దూరంగా, గాలి వచ్చే వైపు వేశాను.

ఆమె గుమ్మం దగ్గర ఆగింది. "నలబై రోజులు అవ్వకుండా నన్ను లోనికి పిలుత్తన్నావేటే? రూలు కాదు కదా?"

"రూలు ప్రకారమే పిన్నీ. ఈ ఇంట్లో అన్నం తింటే నువ్వు ఈ ఇంటిదానివి. ఇక్కడ నీకు ఏమనిపిస్తే అది నేను రాసుకోవాలి. అందుకే పిలిచాను. ఇష్టం లేకపోతే వెళ్ళిపో."

ఆమె వెళ్ళలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది. అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించాను. చిన్నాలు ఎదురుగా కూర్చుంది. దాని కాలి కట్టు పచ్చగా చీము పట్టి ఉంది. నా ఎడం చేతి మీద బొబ్బలు చితికి, మాని, మళ్ళీ ఎక్కడో గీసుకుని నల్లబడ్డాయి. మేం మామూలుగా తింటున్నాం.

రెండు ముద్దలు తిని ఆమె చెయ్యి ఆపింది.

"ఉప్పు నేదే."

"వేశాననుకున్నాను."

"ఉప్పు నేదు, కారం నేదు, మాట నేదు. ఈ కొంపలో మీ అరుపులు ఇనకపోతే నాకు పొద్దు గడిచీది కాదు. ఇప్పుడు గోడవతల కూకుంటే శవం ఉన్న ఇల్లులాగుంది. మీ అమ్మ దినం నాడు కొంగు నోట్లో ఎట్టుకుని నిలబడ్డానే నాను. ఇదిగో ఇప్పుడు మొదలెడతాది, ఇదిగో ఇప్పుడు ఏడుత్తాది అని. గారెలు తినీసి లేసిపోనారు! మీ అమ్మని మళ్ళీ సంపీసినట్టు అనిపించిందే నాకు."

ఆమె కళ్ళ నీళ్ళు విస్తట్లో పడ్డాయి. చిన్నాలు ఆమె వంక చూసి మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది.

నేను చెయ్యి కడుక్కుని పుస్తకం తెచ్చాను.

"ఎక్కడ బాధగా ఉంది పిన్నీ?"

"ఎక్కడేటే! ఇక్కడ." గుండెల మీద కొట్టుకుంది. "గొంతు పట్టీసినాది. ముద్ద దిగనేదు. సేతులు వొణుకుతున్నాయి, సూడు."

"పదికి ఎంత వెయ్యమంటావు?"

"పదేటే, నూరు ఎయ్యి."

"నూరు లేదు పిన్నీ. పది దాకానే ఉంది."

"అయితే పదెయ్యి."

బాధ: పది. ఇంటి మనిషి అచ్చియమ్మకి, మధ్యాహ్నం భోజనం వేళ, గొంతులోనూ గుండెలోనూ. చేతులు వణికాయి.

ఆ అంకె పక్కన ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాను. అన్నం పూర్తిగా తిని వెళ్ళమన్నాను. సగమే తింది.

నలభై ఒకటో రోజు

విచారణకి ఊరు సగం వచ్చింది. యార్డు పడవలన్నీ రాయి చుట్టూ కట్టేసి ఉన్నాయి. రాయి మీద చెయ్యి పెట్టాను. అమ్మ పేరు నా చూపుడువేలి కిందికి వచ్చింది. సున్నాలన్నీ చదివాను. జనం చప్పట్లు కొట్టారు. దాలినాయుడు గారు తల ఊపుతూ కూర్చున్నారు. అప్పుడు ముప్పై ఎనిమిదో రోజు చదివాను.

కంపెనీ తరఫు మనిషి నెమ్మదైనవాడే. అచ్చియమ్మ పిన్నిని ముందుకి పిలిచి మర్యాదగా అడిగాడు.

"అమ్మా, ఆ పదార్థం వల్ల మీ ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలిందా?"

"నాకేటి తగలనేదు బాబూ."

"అయితే ఈ పది దేనికి?"

"ఆల్ని సూసి." ఆమె మా ఇద్దరి వైపు చెయ్యి చాపింది. "ఆ గుంట కాలు సూడు. ఈ పిల్ల సెయ్యి సూడు. నానే పెంచినాను బాబూ ఈళ్ళని, ఆలమ్మ పోయినకాడ్నుంచి. ఆలకి నొప్పి నేదు. ఆ నొప్పంతా నాకొచ్చీసినాది. ఏటి, ఇది నొప్పి కాదేటి?"

చిన్నాలు కాలి కట్టు నేనే విప్పాను. నా చెయ్యి రాయి మీద వెలుగులో పెట్టాను. యార్డు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పడవల్లో లేచి నిలబడ్డారు. కంపెనీ మనిషి కాలిని చూసి, చేతిని చూసి, తన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

దాలినాయుడు గారు లేచి తీర్పు చదివారు. పదార్థం 317 వెనక్కి.

అందరూ నన్ను కౌగలించుకున్నారు. సంతోషించవలసిన సమయమని తెలుసు. పుస్తకంలో సంతకం పెట్టాను.

అరవై ఎనిమిదో రోజు

బోర్డు పుస్తకం మూసేసింది. వెనక పేజీలు రెండు మిగిలాయి కాబట్టి రాస్తున్నాను.

పళ్ళెం తీసుకెళ్ళి ఇరవై ఎనిమిది రోజులైంది. డాక్టరు చిన్నాలు కాలు నిలబెట్టాడు, రెండు వేళ్ళు పోయాయి. తెలియడం తిరిగి వస్తుందా అని అడిగాను. ఎవరు ఎంత పీల్చారన్న దాన్ని బట్టి, అన్నాడు. చిన్నాలు రోజంతా యార్డులో ఉండేది. నేను రోజంతా ఆ బల్ల దగ్గరే ఉండేదాన్ని.

ఇవాళ పొద్దున్న పులుసు వడ్డించాను. చిన్నాలు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"సీ! ఏటే ఇది, ఉప్పు కల్లంలాగుంది! పులుసేటే ఇది? మనుసులు తింటారా దీన్ని? ఎన్నాళ్ళనుంచి ఇలా వండతన్నావే అప్పా?"

"తెలీదు" అన్నాను.

అది ఇంకా ఏదో అనబోయింది. నోరు తెరిచింది. అమ్మ పటం వైపు చూసింది. పటానికి ఇరవై ఏడో రోజున పెట్టిన పూలు ఎండిపోయి అలాగే ఉన్నాయి, మేం తియ్యలేదు.

"అమ్మా" అని రాగం తీసింది. "ఓలమ్మా, నీ దినం నాడు గారెలు తినీసినానే అమ్మా. నీకు ఏటీ సెప్పనేదే. నన్ను ఒగ్గీసి పోనావని ఒక్క మాటైనా అన్నేదే నిన్ను..."

వీధిలో పడవల తెడ్లు ఆగాయి. అవతల గోడ దగ్గర అచ్చియమ్మ పిన్ని పరుగెత్తుకొచ్చిన చప్పుడైంది. చిన్నాలు కాలు ఈడుస్తూ వచ్చి నా మీద పడి, ఏడాది కబుర్లన్నీ అమ్మకి చెప్పుకుంది. నా మీద చాడీలు కూడా చెప్పింది, అప్ప వంట పాడైపోయిందనీ, అప్ప బొమ్మలా కూర్చుంటోందనీ. అప్పని బాగు చెయ్యవే అమ్మా అంది.

దాని చుట్టూ చేతులు వేశాను. ఇలాంటప్పుడు అలా చెయ్యాలని గుర్తుంది. అది ఏడ్చినంతసేపూ తియ్యలేదు.

చాలాసేపటికి అది నెమ్మదించి లేచి, ముఖం కడుక్కోవడానికి పెరటి వైపు వెళ్ళింది. నా ఎడమ భుజం తడిసి ఉంది. చూసి తెలుసుకున్నాను.